గుణాన్ని గుర్తించిన గురువులు

మన ఇళ్ళలో పిల్లవాడు మంచి పని ఒకటి చేస్తే పెద్దలు "షాబాష్ బేటా" అంటారు. ఇరుగు పొరుగు తెలుగువారు అదే మాటను "శభాష్" అంటారు. పారసీ భాషలోని "షాద్ బాష్" అన్న రెండు పదాలు కలిసి ఈ మాట అయింది. "సంతోషంగా ఉండు" అని దాని అర్థం. అంటే మెచ్చుకోలు అన్నది మొదట ఒక దీవెన అన్నమాట. ఇరవై ఏళ్ళుగా బడిపంతులుగా ఉన్న నేను ఈ దీవెనను నా విద్యార్థులకు ఎంతవరకు ఇచ్చాను? ఎవరికి ఇచ్చాను? ఎవరికి ఇవ్వకుండా పంపించేశాను? ఈ సంవత్సరం సావనీరుకు ఏదైనా వ్రాయమని మన సంఘం పెద్దలు కోరినప్పుడు నా మనసులో మెదిలిన ప్రశ్న ఇదే.

బడి విడిచి వెళ్ళే ప్రతి విద్యార్థికీ మేము ఒక కాగితం ఇస్తాము. స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్ అంటారు. అందులో ప్రవర్తన గురించి ఒక గడి ఉంటుంది. ఆ గడిలో "సంతృప్తికరం" అనో, "బాగున్నది" అనో వ్రాసి సంతకం చేస్తాము. నిజం చెప్పాలంటే అందరికీ అదే మాట! దొరికిన డబ్బు తెచ్చి ఇచ్చినవాడికీ అదే, ఇవ్వనివాడికీ అదే. మార్కులను మాత్రం ఒక్కొక్కటిగా లెక్కపెట్టి వేస్తాము. పూర్వం మన ప్రాంతంలో గురువులు శిష్యుల గుణాన్ని ఎలా కనిపెట్టేవారో, ఎలా ఆదరించేవారో కొంచెం చరిత్ర తిరగవేసి చూస్తే మనకు మేలు కలుగుతుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

విజయనగరంలో ఒక గది

మన ఉత్తరాంధ్రలో ఇంగ్లీషు చదువులకు మొదటి పెద్ద నెలవు విజయనగరం. అక్కడ మహారాజావారి పాఠశాల 1857లో ప్రారంభమై, 1879లో కళాశాల అయింది. ఆ రోజులలో పల్లెల నుండి వచ్చిన పేద పిల్లలు వారాలు చేసుకుని చదువుకునేవారు. అంటే రోజుకొక ఇంట్లో భోజనం.

అలా వచ్చిన పిల్లలలో ఒకరు గురజాడ వేంకట అప్పారావు. 1862లో ఎస్. రాయవరంలో పుట్టి, చీపురుపల్లిలో మొదటి చదువు చదువుకుని, తండ్రి పోయిన తరువాత విజయనగరం చేరుకున్నారు. వారాలు చేసుకుంటూ చదువుతున్న ఆ కుర్రవాణ్ణి కళాశాల ప్రధానాధ్యాపకులు చంద్రశేఖర శాస్త్రిగారు గమనించారు. చేరదీసి, ఉండటానికి చోటిచ్చారు. ఆ కుర్రవాడు 1882లో మెట్రిక్యులేషను పూర్తిచేసి, 1884లో అదే మహారాజావారి విద్యాసంస్థలో ఉపాధ్యాయుడయ్యాడు. 1897లో అచ్చయిన "కన్యాశుల్కం" నాటకం ఆయన వ్రాసినదేనని మన పిల్లలందరికీ తెలుసు.

నాటకం అందరికీ తెలుసు కాని, ఆ గది సంగతి ఎందరికి తెలుసు? అప్పటికి అప్పారావు గొప్ప రచయిత కాడు. తండ్రి లేని, చేతిలో పైసా లేని ఒక విద్యార్థి మాత్రమే. ఆ వయసులో పిల్లవాణ్ణి చూసి "వీడిని నిలబెట్టాలి" అనుకోవడమే గురువుకు ఉండవలసిన చూపు. పెద్దవాడయ్యాక పూలదండ వేయడానికి ఊరంతా వస్తుంది.

నౌపడ రైలు వెళ్ళే ఊరిలో

గురజాడవారికి విజయనగరంలో సహాధ్యాయి గిడుగు రామమూర్తి పంతులుగారు. ఈయన మనకు మరీ దగ్గరవారు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. నౌపడ నుండి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు మార్గం వచ్చింది. తరువాత అది గుణుపురం వరకు సాగింది. ఆ చిన్న రైలు 2004లో ఆగిపోయి, పెద్ద లైను పడింది. మా తరంవాళ్ళు చిన్నతనంలో ఆ నేరోగేజి బండిలో ఊగుతూ వెళ్ళినవాళ్ళే. ఇటు ఉప్పు మడులు, అటు కొండలు. ఆ కొండలలో ఉండేవారు సవరలు.

సంతకు దిగివచ్చే సవరలను ఆనాడు పట్నంవాళ్ళు చదువు రానివాళ్ళుగా, మోసపుచ్చడానికి వీలైనవాళ్ళుగా చూసేవారు. రామమూర్తి పంతులుగారు వాళ్ళలో తనకు గురువులు కాగలవాళ్ళనూ, శిష్యులు కాగలవాళ్ళనూ చూశారు. తెలుగు, సవర భాషలు రెండూ వచ్చిన ఒకరిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాషలో పుస్తకాలు తయారు చేశారు. సొంత ఖర్చుతో బడి పెట్టి, సవరలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. చదువుకున్న సవర పిల్లలను తిరిగి ఉపాధ్యాయులుగా నిలబెట్టారు. మద్రాసు ప్రభుత్వం ఆయన కృషిని మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, అది తనకు వద్దనీ, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టి వాళ్ళ భాషలో చదువు చెప్పించమనీ కోరారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఒక పిల్లవాణ్ణి పట్టుకుని "నువ్వు మంచివాడివి" అనడం ఒక రకం మెచ్చుకోలు. "నీ చేతిలో ఒక బడి పెడుతున్నాను, నీ వాళ్ళకు నువ్వే చదువు చెప్పు" అనడం అంతకంటే పెద్ద మెచ్చుకోలు. నమ్మి బాధ్యత అప్పగిస్తే ఆ పిల్లవాడు ఆ నమ్మకానికి తగినట్టుగా పెరుగుతాడు. నా అనుభవంలో కూడా, క్లాసు లీడరుగా ఎప్పుడూ మొదటి ర్యాంకువాణ్ణే పెట్టడం మాని, నలుగురికీ న్యాయంగా పంచిపెట్టే పిల్లవాణ్ణి పెట్టినప్పుడు క్లాసు నెమ్మదించింది.

కాకినాడలో తెల్లబట్టల ప్రిన్సిపాలుగారు

గుణం అన్నమాట వస్తే ఆంధ్రదేశంలో తప్పక తలచుకోవలసిన పేరు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. 1862లో మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి కావడంవల్ల చిన్నతనం చదువు ఉత్తరాదిన మొదలై, ఉర్దూ, పారసీ భాషలు కూడా బాగా అబ్బాయి. హైదరాబాదులో చదివి, తరువాత మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో డాక్టరు విలియం మిల్లరుగారి శిష్యులయ్యారు. ఆ గురువు ప్రభావం జన్మంతా ఆయన మీద ఉంది.

సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో పనిచేసి, 1904 నుండి 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఎప్పుడూ తెల్లని బట్టలు కట్టేవారు. ఆడపిల్లలను కళాశాలలో చేర్చుకున్నారు. జీతంలో పెద్ద భాగం పేద విద్యార్థులకు ఖర్చు పెట్టేవారు. 1925 నుండి మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా కూడా పనిచేశారు. అయినా జనం ఆయనను పదవి పేరుతో తలచుకోలేదు, "బ్రహ్మర్షి" అని పిలిచారు.

ఆయనను గురువుగా భావించినవారిలో పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దరువారు ఒకరు. ఆ రాజావారు కాకినాడలో అనాథ పిల్లలకు శరణాలయం, దళిత విద్యార్థులకు వసతిగృహం ఏర్పాటు చేయడానికి వెనుక ఉన్నది ఈ గురువుగారి ప్రభావమే. మిల్లరుగారు నాటిన విత్తనం నాయుడుగారిలో మొలిచి, రాజావారి చేతిలో కాయ కాసింది. తిన్నవాళ్ళు అనాథ పిల్లలు! గురువు మంచితనానికి ఇచ్చే విలువ ఎంత దూరం పోతుందో ఎవరు చెప్పగలరు?

హైదరాబాదులో పుట్టిన రాష్ట్రపతి

మన రాష్ట్రపతులలో డాక్టరు జాకిర్ హుసేన్‌గారు 1897లో హైదరాబాదులోనే జన్మించారు. తండ్రి వకీలు. పదేళ్ళ వయసులో తండ్రి పోగా కుటుంబం ఖాయింగంజ్ వెళ్ళిపోయింది. ఎటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేరారు. అక్కడి ప్రధానోపాధ్యాయులు సయ్యద్ అల్తాఫ్ హుసేన్‌గారు ఆ తండ్రి లేని పిల్లవాడి మీద చూపిన శ్రద్ధ, నేర్పిన క్రమశిక్షణ ఆయన జీవితానికి పునాది అయ్యాయి.

ఆ పిల్లవాడు పెద్దవాడై జామియా మిల్లియా విశ్వవిద్యాలయానికి 1926 నుండి 1948 వరకు వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. ఆయన గురించి ఒక ముచ్చట చెబుతుంటారు. బూట్లు శుభ్రంగా పాలిష్ చేసుకుని రమ్మని ఎన్నిసార్లు చెప్పినా కొందరు విద్యార్థులు వినలేదట. ఒకనాడు పొద్దున్నే ఆయనే పాలిష్ డబ్బా, బ్రష్షు పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారట. సిగ్గుపడి మరునాటి నుండి అందరూ శుభ్రంగా వచ్చారట. ఒక్కణ్ణి కూడా తిట్టలేదు, ఒక్కడి పేరూ పెట్టలేదు. మెచ్చుకోవడం ఎలాగో తెలిసిన గురువుకే దిద్దడం ఎలాగో కూడా తెలుస్తుంది. 1967లో రాష్ట్రపతి అయి, 1969లో ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు.

వంటింటి గుమ్మం దగ్గర

డాక్టరు అబ్దుల్ కలాంగారి కథ తమిళనాడుదే అయినా, మన ఇళ్ళలో ఆయన ఫోటో లేని ఇల్లు అరుదు కనుక చెప్పుకోవాలి. 1931లో రామేశ్వరంలో పుట్టిన ఆయన యుద్ధం రోజులలో పత్రికల కట్టలు మోసి ఇంటికి సాయపడ్డారు. ప్రాథమిక పాఠశాలలో అయిదవ తరగతి చదివేటప్పుడు కొత్తగా వచ్చిన ఒక మాస్టరు, పూజారిగారి అబ్బాయి పక్కన ముస్లిం పిల్లవాడు కూర్చోవడం ఏమిటని ఆయనను వెనుక బెంచీకి పంపారు. ఆ పూజారిగారే, అంటే స్నేహితుడి తండ్రి లక్ష్మణశాస్త్రిగారే, మాస్టరును పిలిపించి మందలించారు. మాస్టరు తన తప్పు తెలుసుకున్నారు.

అదే ఊరిలో శివసుబ్రహ్మణ్య అయ్యరుగారని సైన్సు ఉపాధ్యాయులు ఉండేవారు. ఆచారపరులైన కుటుంబం. ఆయన కలాంను ఇంటికి భోజనానికి పిలిచారు. ఇల్లాలు వంటింట్లో వడ్డించడానికి ఒప్పుకోలేదు. అయ్యరుగారు కోపం తెచ్చుకోకుండా తానే వడ్డించి, పక్కనే కూర్చుని తిన్నారు. పిల్లవాడు వెళ్ళేటప్పుడు మరుసటి వారం మళ్ళీ రమ్మన్నారు. ఆ రెండవసారి ఆ ఇల్లాలే లోపలికి తీసుకువెళ్ళి తన చేతితో వడ్డించింది.

తరువాత రామనాథపురం ష్వార్ట్జ్ హైస్కూలులో మరొక సంగతి జరిగింది. రామకృష్ణ అయ్యరుగారనే లెక్కల ఉపాధ్యాయులు, పొరపాటున తన తరగతి గదిలోకి వచ్చిన కలాంను అందరి ముందు బెత్తంతో కొట్టారు. కొన్ని నెలల తరువాత ఆ పిల్లవాడు లెక్కలలో పూర్తి మార్కులు తెచ్చుకుంటే, ప్రార్థన సమయంలో బడి అంతటి ముందు ఆ సంగతి చెప్పి, ఈ పిల్లవాడు బడికి పేరు తెస్తాడని ఆయనే మెచ్చుకున్నారు.

మార్కులకు వచ్చిన మెచ్చుకోలు కూడా మంచిదే. కాని అయ్యరుగారి ఇంటి అన్నం ఏ పరీక్షకూ బహుమతిగా పెట్టింది కాదు. ఆ పిల్లవాణ్ణి మనిషిగా గౌరవించి పెట్టిన అన్నం అది. 2002 నుండి 2007 వరకు రాష్ట్రపతిగా చేసిన ఆయన 2015లో షిల్లాంగులో విద్యార్థులకు ఉపన్యాసం ఇస్తూ కుప్పకూలి మరణించారు. చివరి నిమిషం దాకా ఆయన ఉపాధ్యాయుడే.

రాని పిల్లవాడి కోసం అడిగిన గురువు

ఇంకా పాత కాలానికి వెడితే, ఎనిమిదవ శతాబ్దంలో కూఫా నగరంలో ఇమామ్ అబూ హనీఫాగారి పాఠానికి అబూ యూసుఫ్ అనే పేద పిల్లవాడు వచ్చేవాడు. ఇంట్లో గడవక పెద్దలు అతణ్ణి చదువు మాన్పించి పనిలో పెట్టారు. పిల్లవాడు రావడం లేదని ఇమాంగారు గమనించారు. పిలిచి కారణం అడిగారు. సంగతి తెలుసుకుని డబ్బు సంచి చేతిలో పెట్టి, అయిపోతే చెప్పమన్నారు. అయిపోయిందని చెప్పే అవసరం రాకుండానే మళ్ళీ ఇచ్చేవారని చరిత్రలో వ్రాశారు. ఆ పిల్లవాడే తరువాత ఖలీఫా హారూన్ అర్రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యాడు.

ఈ కథను నేను ఎన్నోసార్లు తరగతిలో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నాకు నా తప్పు ఒకటి గుర్తుకు వస్తుంది. దానిని ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

నా ఉద్యోగం మొదటి సంవత్సరాలలో ఒక పిల్లవాడు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. ఎండలు ముదిరే నెలలలో మరీ ఆలస్యం. నేను గుమ్మం బయట నిలబెట్టేవాణ్ణి. తలవంచుకుని నిలబడేవాడు, ఒక్క మాట ఎదురు చెప్పేవాడు కాదు. ఎందుకు ఆలస్యమవుతున్నదని ఒక్కనాడూ నేను అడగలేదు. ఏడవ తరగతి అయ్యాక వాళ్ళ నానీ వచ్చి టీసీ తీసుకుపోయింది. ప్రవర్తన గడిలో "సంతృప్తికరం" అని వ్రాసి ఇచ్చేశాను.

చాలా కాలం తరువాత ఒక పని మీద నౌపడ ఉప్పు మడుల వైపు వెళ్ళినప్పుడు అక్కడ లెక్క చూసే పెద్దమనిషితో మాటలలో ఆ పిల్లవాడి పేరు వచ్చింది. ఆయన మొహం విప్పారింది.

"ఆ గుంటడా మేష్టారూ! ఆడు శానా నికార్సయినోడు బాబూ. సీకటితోటే వొచ్చి బస్తాలు మోసి బడికి పరిగెట్టీవోడు. లెక్కలో ఒక బస్తా ఎక్కువ రాసేసినా ఆడే వొచ్చి కొట్టించీసీవోడు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ పిల్లవాడి నిజాయితీ ఉప్పు బస్తాలు లెక్కపెట్టే మనిషికి తెలుసు. ఏడాదంతా ఎదురుగా కూర్చోబెట్టుకున్న నాకు తెలియదు! ఒక్క మాట అడిగి ఉంటే, తరగతిలో అందరి ముందు ఒక్కసారి "షాబాష్" అని ఉంటే, వాడు చదువు మానేవాడు కాదేమో. మానినా, నా బడి నుండి తలవంచుకుని వెళ్ళేవాడు కాదు. ఆ మాట ఇప్పుడు అందామన్నా వాడు ఏ ఊరిలో ఉన్నాడో నాకు తెలియదు.

మనం చేయవలసినది

మన సంఘం ప్రతి ఏటా పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులు ఇస్తున్నది. అది చాలా మంచి పని, అది జరగాలి. దానితో పాటు మరొక బహుమతి కూడా పెట్టాలని సభ్యులకు నా మనవి. బడిలోగాని, ఇంట్లోగాని, వీధిలోగాని మంచి పని చేసిన పిల్లవాడికో పిల్లకో ఇవ్వాలి. చేసిన పని ఏమిటో సభలో చదివి వినిపించాలి. "మంచి బాలుడు" అని ఊరికే అంటే వాడికీ అర్థం కాదు, విన్నవాళ్ళకూ అర్థం కాదు. "ముసలమ్మకు మందులు తెచ్చి మిగిలిన చిల్లర లెక్కగా అప్పగించాడు" అంటే పక్కన కూర్చున్న పిల్లలకు కూడా దారి కనిపిస్తుంది.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. బహుమతి కోసం మంచితనం నటించే పిల్లలు తయారవుతారని కొందరు పెద్దలు అంటారు. ఆ మాటను తీసివేయలేము. అందుకే పేర్లు పిల్లలు ఇవ్వకూడదు, తల్లిదండ్రులు ఇవ్వకూడదు. చూసినవాళ్ళు చెప్పాలి. కిరాణా కొట్టు యజమాని, ఆటో నడిపే అన్న, ఉప్పు మడిలో లెక్క చూసే పెద్దమనిషి, వీళ్ళను అడగాలి. వాళ్ళు మనవాళ్ళా, పరాయివాళ్ళా అన్న తేడా చూడకూడదు. లక్ష్మణశాస్త్రిగారు ఆ తేడా చూడలేదు కదా!

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. 1962 నుండి సెప్టెంబరు 5న దేశమంతా మనకు దండలు వేస్తున్నది. ఆ దండ వేయించుకునేటప్పుడు, ఈ ఏడాది నేను ఎందరు పిల్లల గుణాన్ని గుర్తించి నోరారా చెప్పాను అని లెక్క చూసుకుందాము. నేను ఇప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకున్నాను. ప్రతి పిల్లవాడి పేరు మీద ఒక పేజీ. కంటపడిన మంచి పని తేదీ వేసి వ్రాసుకుంటాను. నెల తిరిగినా ఖాళీగా ఉన్న పేజీ కనిపిస్తే, తప్పు పిల్లవాడిది అనుకోను. నేను సరిగా చూడలేదని అనుకుని, ఆ పిల్లవాడి ఇంటికి ఒకసారి వెళ్ళి వస్తాను.

తల్లిదండ్రులకు కూడా ఇదే మనవి. ప్రోగ్రెస్ కార్డు చేతికి రాగానే ముందు అంకెలు చూస్తాము. చూడండి. తరువాత ఆ మాస్టరుగారిని, "మావాడు తోటిపిల్లలతో ఎలా ఉంటున్నాడండీ?" అని కూడా అడగండి. మీరు అడుగుతారని తెలిస్తే మేము కూడా శ్రద్ధగా చూస్తాము.

తాలీమ్, తర్బియత్ అని మన పెద్దలు రెండు మాటలు జతగా చెప్పారు. మొదటిది చదువు, రెండవది పెంపకం. మొదటిదానికి మార్కులున్నాయి. రెండవదానికి ఉన్నది మన నోటిలోని ఒక్క మంచి మాటే. ఆ మాటను సమయానికి, చెప్పవలసిన పిల్లవాడికి చెప్పే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.